రాతలో నిలిచిన నాదం: మధ్యయుగం నుంచి పునరుజ్జీవనం దాకా ఐరోపా సంగీతం

ఐరోపా సంగీత చరిత్రను మన భాషలో వివరించేటప్పుడు రచయితలు తరచుగా ఒక నిచ్చెనను చూపుతారు. అట్టడుగు మెట్టు మీద క్రైస్తవ సన్యాసుల ఏకకంఠ గానం ఉంటుంది. దాని పైన రెండు గళాల కలయిక, ఆ పైన మూడు, నాలుగు గళాలు, చిట్టచివర 1570 ప్రాంతంలో ఇంగ్లండులో థామస్ టాలిస్ కూర్చిన నలభై గళాల రచన. మెట్లు ఎక్కినకొద్దీ సంగీతం శైశవం నుంచి యౌవనానికి వచ్చిందన్న భావం పాఠకునికి కలుగుతుంది. ఈ చిత్రణలోని తేదీలతో మనకు పేచీ లేదు. పేచీ అందులో ఇమిడి ఉన్న తీర్పుతోనే. మెట్లు ఎక్కినవారు తమతో ఏమి తీసుకువెళ్లారో, ఏమి కింద వదిలివేశారో ఈ నిచ్చెన చెప్పదు.

ఎనిమిది శతాబ్దాలకు పైబడిన ఈ ప్రయాణాన్ని మరొక సూత్రంతో చదవడం ఉచితమని నా అభిప్రాయం. ఆ సూత్రం స్వరలిపి. మన లక్షణకారులు గేయానికి ధాతువు, మాతువు అని రెండు అంగాలు చెప్పారు. స్వరరచన ధాతువు, పదరచన మాతువు. ఐరోపాలో ధాతువును రాతలో పెట్టే అలవాటు ఒక పాలనావసరం వల్ల పుట్టింది. పుట్టిన తరువాత ఆ రాత తనను కోరినవారి అదుపులో ఉండలేదు. అది బహుకంఠ నిర్మాణాన్ని సాధ్యం చేసింది. ఆ నిర్మాణం పెరిగి పెరిగి మాతువును కప్పివేసింది. పునరుజ్జీవన కాలపు గొప్ప రచనలన్నీ ఒక విధంగా మాటకు దాని స్థానాన్ని తిరిగి ఇచ్చే ప్రయత్నాలే. లిపి ఏమి ఇచ్చింది, ఏమి తీసుకున్నది అనే ప్రశ్నను చేత పట్టుకుని నడిస్తే ఈ చరిత్రలోని మలుపులు స్పష్టమవుతాయి.

ఒక సామ్రాజ్యం, ఒక గానం

636లో మరణించిన సెవిల్ బిషప్పు ఇసిడోర్ తన విజ్ఞాన సర్వస్వంలో, స్వరాలను మనిషి జ్ఞాపకంలో నిలుపుకోకపోతే అవి నశిస్తాయని, ఎందుకంటే వాటిని రాసిపెట్టడం సాధ్యం కాదని పేర్కొన్నాడు. ఆయన కాలంలో గానమంతా గురువు నోట నుంచి శిష్యుని చెవికి చేరవలసినదే. ఆ కారణంగానే ఒక్కొక్క ప్రాంతానిది ఒక్కొక్క బాణీ. మిలాన్ గానం వేరు, స్పెయిన్ గానం వేరు, ఫ్రాంకుల దేశమైన గాల్ గానం వేరు, రోము గానం వేరు. ప్రార్థన ఒకటే అయినా పాట ఒకటి కాదు.

8వ శతాబ్దంలో ఫ్రాంకుల రాజు పెపిన్, ఆయన కుమారుడు చార్లమేన్ ఈ వైవిధ్యాన్ని సహించలేదు. విస్తరిస్తున్న రాజ్యాన్ని కలిపి ఉంచడానికి ఒకే ప్రార్థనా విధానం అవసరమని వారు భావించారు. 789లో చార్లమేన్ జారీ చేసిన శాసనం మతాచార్యులందరూ రోము గానాన్ని చక్కగా నేర్చుకోవాలని ఆదేశించింది. ఆదేశించడం సులభం, అమలు కష్టం. కాగితం మీద లేని పాటను వందల మఠాలలో ఒకే విధంగా పాడించడం ఏ అధికారికైనా అలవి కాని పని. 9వ శతాబ్దంలో ప్రార్థన పదాల పైన చిన్న గీతలు, చుక్కలు, కొక్కేల వంటి గుర్తులు కనిపించడం మొదలయిన నేపథ్యం ఇది. వీటిని న్యూమ్‌లు అంటారు. స్వరం పైకి వెళ్తున్నదా, కిందికి దిగుతున్నదా, ఎక్కడ నిలవాలి, ఎక్కడ వేగం కావాలి అన్నది అవి సూచిస్తాయి. ఏ స్వరం అన్నది మాత్రం చెప్పవు. పాట ముందే తెలిసినవానికి అవి జ్ఞాపిక, తెలియనివానికి చిక్కుముడి.

రోము, ఫ్రాంకు బాణీల కలయికతో ఏర్పడిన ఈ గానానికి 604లో మరణించిన పోపు గ్రెగరీ పేరు పెట్టారు. పరిశుద్ధాత్మ పావురం రూపంలో ఆయన భుజంపై వాలి చెవిలో పాటలు వినిపించిందన్న కథ వ్యాప్తిలోకి వచ్చింది. ఆ పాటలను ఆయనే కూర్చాడనడానికి ఆధారం లేదు. పైగా రోములోనే 11వ శతాబ్దంలో రాసిన ప్రతులలోని బాణీ 'గ్రెగోరియన్' బాణీ కంటే భిన్నంగా ఉంది. కొత్త ప్రమాణానికి పాత మహనీయుని పేరు పెట్టడం పాలకులకు తెలిసిన ఉపాయమే.

ఈ ఏకీకరణకు చెల్లించిన మూల్యం స్పెయిన్‌లో కనిపిస్తుంది. అక్కడి ప్రాచీన క్రైస్తవ గానాన్ని మొజరాబిక్ గానం అని పిలుస్తారు. 1080లో బుర్గోస్ సభ దాని స్థానంలో రోము విధానాన్ని ప్రవేశపెట్టింది. లియోన్ నగరంలో భద్రపరచిన 10వ శతాబ్దపు గ్రంథం వంటి ప్రతులలో ఆ పాటలు న్యూమ్‌లతో సహా నేటికీ ఉన్నాయి. గుర్తులు అందంగా ఉన్నాయి, పదాలు చదవగలం. పాట మాత్రం పాడలేం. ఎత్తుపల్లాలను ఖచ్చితంగా చూపే లిపి వచ్చేసరికి దానిలోకి ఈ పాటలను ఎక్కించే గాయకులు లేకపోయారు. కొద్దిపాటి రచనలు తప్ప ఒక జాతి ప్రార్థనాగానమంతా చూడదగినదిగా మిగిలింది, వినదగినదిగా మిగలలేదు.

ఎత్తుపల్లాలను చూపే ఆ లిపిని స్థిరపరచినవాడు ఇటలీకి చెందిన సన్యాసి, అరెట్జో నగరపు గ్విడో. 1026 ప్రాంతంలో ఆయన రాసిన 'మైక్రోలోగస్' మధ్యయుగపు సంగీత పాఠ్యగ్రంథాలలో విశేష ప్రచారం పొందినది. గీతల మీద, గీతల నడుమ స్వరాలను ఉంచి, ఒక గీతకు ఎరుపు, మరొక గీతకు పసుపు రంగు వేసి, ఏ గీత ఏ స్వరానిదో తెలిసే ఏర్పాటును ఆయన ప్రచారంలోకి తెచ్చాడు. స్నానికుడైన యోహాను స్తోత్రంలో ఒక్కొక్క పాదఖండం ముందుదాని కంటే ఒక మెట్టు పైన మొదలవుతుంది. ఆ ఖండాల మొదటి అక్షరాలు తీసుకుని ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని ఆరు స్వరాలకు పేర్లు పెట్టాడు. పదేళ్లు పట్టే గానవిద్య తన పద్ధతిలో ఏడాదికి, మహా అయితే రెండేళ్లకు పట్టుబడుతుందని ఒక లేఖలో ఆయన చెప్పుకున్నాడు. పోపు 19వ జాన్ ఆయనను రోముకు పిలిపించుకున్నాడు. ఎన్నడూ వినని పాటను పుస్తకం చూసి పాడడం అనే వింత ఆనాటి నుంచి సాధ్యమయింది. గురువు నోటికి ఉన్న అధికారం పుస్తకానికి బదిలీ అయింది.

గళాలు పెరిగిన కాలం

బహుకంఠ గానం లిపి వల్లనే పుట్టిందనడం అతిశయోక్తి. 9వ శతాబ్దం చివరి 'మ్యూజికా ఎంకిరియాడిస్' అనే గ్రంథం మూలగానానికి పంచమ దూరంలోనో, మధ్యమ దూరంలోనో మరొక గళాన్ని జతచేసి పాడే పద్ధతిని వివరిస్తున్నది. దీనిని ఆర్గనమ్ అన్నారు. ఇది అప్పటికే గాయకులు ఆశువుగా చేస్తున్న పని. కాని ఆశువుగా జరిగే కలయికకు ఒక హద్దు ఉంది. మూడు నాలుగు గళాలు ఎవరి దారిన వారు నడుస్తూ ప్రతి మలుపులోనూ పొందిక చెడకుండా ఉండాలంటే ముందుగా నిర్ణయించుకోవాలి. నిర్ణయించినదానిని ఎక్కడో రాసుకోవాలి.

ఈ మార్పు పరిపక్వమయినది పారిస్ నగరంలో, 1163లో నిర్మాణం ప్రారంభమైన నోత్రదామ్ మహాదేవాలయం ఎదుగుతున్న రోజులలో. 13వ శతాబ్దం చివర అక్కడి విషయాలు రాసిన పేరు తెలియని ఒక రచయిత లెయోనిన్, పెరోటిన్ అనే ఇద్దరిని పేర్కొన్నాడు. మొదటివాడు ఆర్గనమ్ మహాగ్రంథాన్ని కూర్చాడని, రెండవవాడు దానిని సంస్కరించి మూడు, నాలుగు గళాల రచనలు చేర్చాడని ఆయన సాక్ష్యం. 1198లో పారిస్ బిషప్పు ఓదో జనవరి 1వ తేదీ పండుగనాటి అల్లరిని అదుపు చేస్తూ, దానికి బదులు మూడు, నాలుగు గళాల గానాన్ని అనుమతిస్తూ ఆజ్ఞ ఇచ్చాడు. పెరోటిన్ నాలుగు గళాల రచన ఆ సందర్భానిదే కావచ్చునని పరిశోధకుల ఊహ. ఇందులో మూలగానంలోని ఒక్క అక్షరాన్ని కింది గళం మన తంబురా శ్రుతి వలె సుదీర్ఘంగా పట్టి ఉంచుతుంది. పైన మూడు గళాలు లయబద్ధంగా అల్లుకుంటాయి. వినేవానికి పదం పూర్తి కావడానికి నిమిషాలు పడుతుంది. మాతువు ఇక్కడ పునాదిగా ఉంది. పునాది కనుక మట్టిలోనే ఉంది.

అదే శతాబ్దంలో ఏకకంఠ గానం ఎంత ఎత్తుకు ఎదగగలదో చూపినది జర్మనీకి చెందిన సన్యాసిని, బింగెన్ మఠాధిపతి హిల్డెగార్డ్ (1098–1179). పదం, స్వరం రెండూ ఆమెవే. మన పరిభాషలో ఆమె వాగ్గేయకారిణి. డెబ్బైకి పైగా ఆమె గీతాలు స్వరలిపితో సహా నిలిచాయి. సద్గుణాలు పాత్రలుగా నడిచే ఆమె సంగీత నాటకంలో అందరూ పాడతారు, సైతాను ఒక్కడే పాడడు. వాడికి అరుపు తప్ప స్వరం లేదు. 1178లో ఆమె మఠ శ్మశానంలో పాతిపెట్టిన ఒక వ్యక్తి వెలివేయబడినవాడన్న ఆరోపణతో మైంజ్ నగర మతాధికారులు ఆ మఠంలో పాట పాడరాదని నిషేధించారు. ఎనభై ఏళ్ల ఆ వృద్ధురాలు అధికారులకు రాసిన లేఖలో, గానం పతనానికి ముందు మానవునికి ఉన్న స్వరానికి స్మృతి అని, దానిని అన్యాయంగా మూయించినవారికి దేవదూతల స్తుతిలో పాలు ఉండదని హెచ్చరించింది. 1179లో నిషేధం తొలగింది. ఆమె గానాన్ని 'బహుకంఠానికి ముందు దశ' అని వర్గీకరించే చరిత్ర ఆమెకు అన్యాయం చేస్తుంది. ఒకే గళానికి సరిపడిన సంపూర్ణ కళ అది.

లిపి చూపు ఎంత ఇరుకైనదో దక్షిణ ఫ్రాన్స్ త్రుబదూర్ కవుల విషయంలో తెలుస్తుంది. 12, 13 శతాబ్దాలలో వారు రాసిన సుమారు 2,500 గేయాలు మిగిలితే, వరుసలు మిగిలినవి పదింట ఒక వంతు మాత్రమే. ఆ వరుసలలోనూ స్వరస్థానాలు తెలుస్తాయి, లయ తెలియదు. అదే సంప్రదాయంలో రచించిన స్త్రీలలో దియా దొరసాని పాట ఒక్కటే వరుసతో సహా దక్కింది. చర్చికి అవసరమైనది చర్చి రాసుకున్నది. లోకానికి ప్రియమైనదానిలో చాలా భాగం లోకంతోనే పోయింది.

లయను రాయగలిగే శక్తి 1280 ప్రాంతంలో కొలోన్ నగరపు ఫ్రాంకో గ్రంథంతో వచ్చింది. స్వరచిహ్నం ఆకారమే దాని కాలపరిమాణాన్ని చెప్పడం ఆయన సిద్ధాంతం. 1320 ప్రాంతంలో ఫిలిప్ ద విత్రి పేరు మీద ప్రచారమైన 'ఆర్స్ నోవా', అంటే నూతన కళ, కాలాన్ని ఇంకా చిన్న ముక్కలుగా విభజించింది. ఈ లోగా మోటెట్ అనే ప్రక్రియ వ్యాపించింది. కింది గళంలో లాటిన్ ప్రార్థన, పై గళాలలో వేరు వేరు పద్యాలు, ఒక్కొక్కప్పుడు ఫ్రెంచి శృంగార కవిత్వం, అన్నీ ఏకకాలంలో. రాసినవారికి, పాడినవారికి ఇందులో మేధావిలాసం ఉంది. వినేవారికి ఏ మాట వినాలో తెలియదు. అవిన్యోన్‌లో ఉన్న పోపు 22వ జాన్ 1324–25లో జారీ చేసిన ఆజ్ఞలో ముక్కలు చేసిన స్వరాలను, ఒక గళం ఆగితే మరొకటి అందుకునే తెగిన నడకను, దైవగానంలో చొరబడిన లోకభాషా గీతాలను తీవ్రంగా నిందించి, పండుగనాడు సరళమైన సంవాది స్వరాల కలయికను మాత్రం అనుమతించాడు. ఏకరూపం కోసం అధికారం కోరి తెచ్చుకున్న లిపి ఐదు వందల ఏళ్లకు అధికారాన్నే కలవరపెట్టిన వైనం గమనార్హం.

ఆజ్ఞ ఆపలేకపోయింది. రేన్స్ నగర దేవాలయంలో పదవి ఉన్న గియోమ్ ద మషో (సుమారు 1300–1377) కవిగానూ సంగీతకర్తగానూ సమాన ప్రతిష్ఠ పొందాడు. 1348–49 నాటి మహామారిని ఆయన కావ్యం వర్ణించింది. తరువాతి సంవత్సరాలలో ఆయన నాలుగు గళాలకు కూర్చిన మాస్, అంటే చర్చి పూజలోని స్థిరభాగాలన్నింటికీ ఒకే కర్త చేసిన పూర్తి రచనలలో, మనకు తెలిసినంతలో మొదటిది. ఒక లయబంధం ఆవర్తం వలె తిరుగుతూ ఉంటే, దానితో సమానం కాని స్వరబంధం మరొక చక్రంగా తిరిగే కూర్పు అందులోని కొన్ని భాగాలకు ఆధారం. తాళ జ్ఞానం ఉన్న మన శ్రోతకు ఈ ఆలోచన పరాయిది కాదు. మషో తన రచనలన్నింటినీ సంపుటాలుగా రాయించడంలో శ్రద్ధ వహించాడు. సంగీతకర్త తనను తాను గ్రంథకర్తగా భావించుకోవడం ఇక్కడ స్పష్టమవుతున్నది. పేరు లేని సన్యాసి గానానికీ ఈ సంపుటాలకూ నడుమ ఉన్న దూరం స్వరలిపి నడిచిన దూరమే.

మాధుర్యం, ముద్రణ

పునరుజ్జీవన సంగీతం ఎప్పుడు మొదలయిందన్న ప్రశ్నకు ఆనాటి వారే ఒక సమాధానం ఇచ్చారు. 1477లో సంగీతశాస్త్రజ్ఞుడు తింక్తోరిస్, నలభై ఏళ్లకు ముందు రచించినదేదీ వినదగినదిగా విజ్ఞులు భావించడం లేదని రాశాడు. ఈ అహంకారంలో కొంత నిజం ఉంది. ఇంగ్లండుకు చెందిన జాన్ డన్‌స్టపుల్ (మరణం 1453) రచనలలో షడ్జ గాంధార సంబంధం ప్రాధాన్యం పొందింది. అంతవరకు షడ్జ పంచమ సంబంధపు కఠిన స్వచ్ఛతకు అలవాటుపడిన చెవికి ఇది తియ్యగా వినిపించింది. 1440 ప్రాంతంలో మార్టిన్ లె ఫ్రాంక్ అనే కవి ఈ ఆంగ్ల రీతిని ఫ్రెంచి సంగీతకర్తలు అనుసరిస్తున్నారని మెచ్చుకున్నాడు.

ఆ రీతిని అందిపుచ్చుకున్నవారిలో ప్రధానుడు గియోమ్ ద్యుఫే (మరణం 1474). కాంబ్రే నగర దేవాలయంలో బాలగాయకుడుగా చేరి శిక్షణ పొందినవాడు. నేటి ఉత్తర ఫ్రాన్స్, బెల్జియం ప్రాంతపు దేవాలయ పాఠశాలలు ఇటువంటి బాలురను చేరదీసి చదువు, సంగీతం నేర్పి ఐరోపా రాజాస్థానాలన్నింటికీ పంపాయి. 1436 మార్చి 25న ఫ్లోరెన్స్ మహాదేవాలయ ప్రతిష్ఠకు ద్యుఫే కూర్చిన మోటెట్ సుప్రసిద్ధం. దాని నాలుగు భాగాల కాలప్రమాణాలు 6:4:2:3 నిష్పత్తిలో ఉంటాయి. ఈ సంఖ్యలు బ్రునెల్లెస్కి నిర్మించిన గోపురంతో కూడిన ఆ దేవాలయ కొలతలేనని 1973లో చార్లెస్ వారెన్ ప్రతిపాదించాడు. 1994లో క్రెయిగ్ రైట్ ఆ లెక్క కుదరదని చూపి, అవి బైబిలులోని సొలొమోను దేవాలయపు కొలతలని వాదించాడు. రెండవ వాదమే బలమైనది. ఏది అయినా, ఈ నిష్పత్తి చెవికి అందేది కాదు. అది చదివేవాడికే దొరికే సౌందర్యం. సంగీతం కంటితో చూడవలసిన శిల్పంగా కూడా మారిందనడానికి ఇంతకంటె మంచి నిదర్శనం ఉండదు.

అయితే ఆనాటి గాయకులు రాతకు బానిసలు కారు. పుస్తకంలోని మూలగానాన్ని చూస్తూ ఆశువుగా పై గళాలను కల్పించే విద్యను తింక్తోరిస్ ప్రత్యేకంగా చర్చించాడు. రాతలో లేని స్వరభేదాలను సందర్భం ఎరిగి చేర్చుకోవడం గాయకుని బాధ్యతగా ఉండేది. ఇప్పుడు మనకు అందిన పుటలు ఆ సంగీతానికి ఎముకల గూడు మాత్రమే.

ఎముకల గూడులో మాటకు ప్రాణం పోసినవాడు జోస్కిన్ దె ప్రే (మరణం 1521). ఆయన మరియ స్తోత్ర మోటెట్‌లో ఒక గళం పదబంధాన్ని ఎత్తుకుంటే మరొకటి అదే పదాన్ని, అదే వరుసను అనుసరిస్తుంది. నాలుగు గళాలూ సమానం. ఎవరూ కింద పడి ఉన్న పునాది కారు. ఒకే మాట నాలుగుసార్లు నాలుగు దిక్కుల నుంచి వినిపించడం వల్ల అది మరుగున పడక మరింత స్పష్టమవుతుంది. బహుకంఠ గానానికీ పదానికీ నడుమ ఉన్న వైరాన్ని జోస్కిన్ ఈ అనుకరణ పద్ధతితో మైత్రిగా మార్చాడు. 1502లో ఫెరారా ప్రభువుకు ఆయన ప్రతినిధి రాసిన లేఖ ఒకటి దొరికింది. ఐజాక్ అనే మరొక సంగీతకర్త 120 డ్యూకట్లకే వస్తాడని, చెప్పిన పని చేస్తాడని, జోస్కిన్ అంతకంటె గొప్పగా కూర్చినా తనకు తోచినప్పుడే కూరుస్తాడని, పైగా 200 అడుగుతున్నాడని అందులో ఉంది. ప్రభువు జోస్కిన్‌నే తీసుకున్నాడు. కళాకారుని స్వేచ్ఛకు వెల కట్టి మరీ గౌరవించిన అరుదైన సందర్భం ఇది.

1501లో వెనిస్ నగరంలో ఒత్తావియానో పెట్రూచ్చి అచ్చు వేసిన గీతసంపుటితో బహుకంఠ సంగీతం ముద్రణ యుగంలోకి వచ్చింది. పేరులో వంద గీతాలున్నా ఉన్నవి 96. మరుసటి సంవత్సరం జోస్కిన్ మాస్‌లను ఆయన ప్రత్యేక సంపుటిగా ప్రకటించాడు. ముద్రణ పాటను ఆస్థానాల నుంచి వర్తకుల ఇళ్లకు చేర్చింది. పేరును సరుకుగా కూడా మార్చింది. జోస్కిన్ మరణించిన తరువాత ఎన్నో రచనలు ఆయన పేరుతో అమ్ముడుపోయాయి. బ్రతికి ఉన్ననాటికంటె చనిపోయాకే ఎక్కువ రాస్తున్నాడన్న చమత్కారం 1540 నాటికే అచ్చులో ఉంది. 1998 వరకు ఆయన జీవితచరిత్రలో మిలాన్‌కు చెందిన మరొక జోస్కిన్ ఉద్యోగకాలం కూడా కలిసిపోయి ఉండేది. భద్రపరచినంత మాత్రాన సత్యం భద్రంగా ఉండదన్నమాట.

మాట తిరిగి అడిగిన చోటు

16వ శతాబ్దపు మతసంస్కరణలో మాట మళ్లీ ప్రధాన సమస్యగా నిలిచింది. జోస్కిన్‌ను ఎంతో అభిమానించిన మార్టిన్ లూథర్ భక్తజనులే తమ భాషలో పాడుకునే స్తోత్రాలను 1524 నుంచి అచ్చు వేయించాడు. కాథలిక్ పక్షాన ట్రెంట్ సభ 1562లో ప్రార్థనలో అపవిత్రమైన సంగీతం ఉండరాదని నిర్దేశించింది. బహుకంఠ గానాన్ని పూర్తిగా బహిష్కరించబోతున్న ఆ సభను పాలెస్ట్రీనా తన 'పోపు మార్సెల్లస్ మాస్'తో మెప్పించి సంగీతాన్ని కాపాడాడన్న కథ 1607 నాటికే ప్రచారంలో ఉంది. 1917లో ఒక జర్మన్ ఒపెరాకు ఇతివృత్తమయింది కూడా. సభ అంత కఠిన నిర్ణయం చేయలేదు. ఒక్క రచన దానిని మార్చిందనడానికి ఆధారం లేదు. మనకు తెలిసినది ఇంకా ఆసక్తికరం. 1565 ఏప్రిల్ 28న రోములో కార్డినల్ విటెల్లి ఇంట్లో పోపు గాయకులు కొన్ని మాస్‌లను పాడగా, పదాలు అర్థమవుతున్నాయో లేదో పెద్దలు పరీక్షించారు. మిలాన్‌లో ఆర్చిబిషప్పు బొరొమేయో కోరికపై విన్చెంజో రుఫో ప్రతి అక్షరం స్పష్టంగా వినిపించే మాస్‌లు కూర్చి 1570లో ప్రకటించాడు. రుఫో ఆదేశాన్ని పాటించాడు. ఆయన పేరు నేడు ఎక్కువమందికి తెలియదు. 1567లో అచ్చయిన పాలెస్ట్రీనా రచన ఆరు గళాలను గుంపులుగా విడదీసి, పదాలు ఎక్కువగా ఉన్న భాగాలలో అందరినీ ఒకే పలుకుబడితో నడిపి, పదాలు తక్కువగా ఉన్న భాగాలలో అల్లికకు స్వేచ్ఛ ఇచ్చింది. ఆజ్ఞకు లొంగడమూ కాదు, ఎదిరించడమూ కాదు. ఆజ్ఞలోని న్యాయమైన అంశాన్ని కళాసమస్యగా స్వీకరించడం. కథ కంటె ఈ నిజమే పాలెస్ట్రీనాకు పెద్ద గౌరవం.

ఇంగ్లండులో స్థితి వేరు. విలియం బర్డ్ రాణి ఎలిజబెత్ ఆస్థాన సంగీతజ్ఞుడు, వ్యక్తిగతంగా కాథలిక్కు. కాథలిక్ పూజ ఆ దేశంలో నిషిద్ధం. 1592–95 మధ్య ఆయన మూడు, నాలుగు, ఐదు గళాలకు కూర్చిన మాస్‌లు ముఖపత్రం లేకుండా అచ్చయ్యాయి. తలుపులు మూసిన ఇళ్లలో కొద్దిమంది పాడుకోవడానికి సరిపడినవి అవి. మధ్యయుగంలో లిపి సామ్రాజ్యానికి సాధనం. బర్డ్ చేతిలో అది సామ్రాజ్యానికి తెలియకుండా బ్రతికే కొద్దిమందికి ఆశ్రయం అయింది.

ఇటలీలో మాద్రిగల్ అనే లౌకిక గేయప్రక్రియ పదంలోని ప్రతి భావాన్నీ స్వరంలో చిత్రించడానికి పూనుకుంది. 1568లో మద్దలేనా కసులానా తన మాద్రిగల్ సంపుటిని ప్రకటిస్తూ, మేధాసంపద తమ ఒక్కరిదేనని భావించే పురుషుల భ్రమను తొలగించడం తన ఉద్దేశమని స్పష్టంగా చెప్పింది. ముద్రితమైన సంగీత సంపుటాలలో ఒక స్త్రీ రచించిన మొదటి సంపుటి అది. 1581లో విన్చెంజో గలిలేయి, అంటే ఖగోళశాస్త్రజ్ఞుడు గెలీలియో తండ్రి, బహుకంఠ పద్ధతి మీదనే దాడి చేశాడు. నలుగురు నాలుగు రకాలుగా ఒకే మాటను పలికితే ఏ భావమూ హృదయానికి చేరదని, సంగీతకర్తలు నాటకశాలకు వెళ్లి నటులు మాట్లాడే తీరు గమనించాలని ఆయన వాదం. 1605లో మొంతెవెర్ది తన నూతన పద్ధతిని సమర్థించుకున్నాడు. ఆ పద్ధతిలో మాట స్వరసంయోజనకు దాసి కాదు, యజమాని అని రెండేళ్ల తరువాత ఆయన సోదరుడు వివరించాడు. అదే 1607లో మాంతువా నగరంలో ప్రదర్శితమైన 'ఓర్ఫెయో' ఒపెరాలో ఒకే గళం, కింద వాద్యాల ఆధారం. ఎనిమిది వందల ఏళ్ల తరువాత ఐరోపా మళ్లీ ఒంటరి గళం దగ్గరకు వచ్చింది. నిచ్చెన సిద్ధాంతానికి ఇంతకంటె గట్టి జవాబు అక్కరలేదు.

మన వైపు నుంచి

ఈ చరిత్ర నుంచి 'రాత ఉన్నచోట బహుకంఠం, లేనిచోట ఏకకంఠం' అన్న సులభమైన నిర్ణయానికి రాకూడదు. తమిళనాడులోని కుడుమియాన్‌మలై శిలాశాసనంలో క్రీ.శ. 7–8 శతాబ్దాల నాటికే స్వరాక్షరాలు చెక్కి ఉన్నాయి. అంటే గ్విడోకు ముందే మనకు స్వరాలను అక్షరాలలో రాయడం తెలుసు. తెలిసినా మన సంప్రదాయం దానిని ప్రధాన సాధనంగా ఎంచుకోలేదు. ఎంచుకోకపోవడంలో లాభమూ ఉంది, నష్టమూ ఉంది. ద్యుఫేకు, జోస్కిన్‌కు సమకాలికుడైన అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనలు తిరుమల రాగిరేకుల మీద వేల సంఖ్యలో నిలిచాయి. ప్రతి పాటకు రాగం పేరు ఉంది, స్వరాలు లేవు. మాతువు దక్కింది, ధాతువు దక్కలేదు. స్పెయిన్‌లో పాట పోయి గుర్తులు మిగిలినట్లే ఇక్కడ పాట పోయి పదం మిగిలింది. మరొకవైపు, ఒకే కృతి శిష్యపరంపరలలో వేరు వేరు పాఠాలతో బ్రతకగలగడం మనకు దక్కిన లాభం. చార్లమేన్ శాసనం అటువంటి స్వేచ్ఛను గాల్ బాణీకి మిగల్చలేదు.

ఈ రెండు దారులూ ఒకచోట కలిశాయి. 19వ శతాబ్దం చివర చిన్నస్వామి మొదలియార్ మన కృతులను ఐరోపా గీతల లిపిలో ప్రకటించే కృషి చేశారు. ఆయన ప్రేరణతో సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి తెలుగు లిపిలో వెలువరించిన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' స్వరాలతోపాటు గమకాలకు ప్రత్యేక చిహ్నాలను కూడా ఏర్పరచింది. గ్విడో సంతతి చేసిన పనిని దీక్షితులు తమ సంప్రదాయపు చెవితో చేశారు. కేవలం స్వరస్థానం కాక స్వరపు నడకను రాయాలని ఆయనకు తెలుసు. మధ్యయుగపు తొలి న్యూమ్‌లు సూచించినదీ, గీతల లిపి వచ్చాక ఐరోపా క్రమంగా వదులుకున్నదీ ఈ నడకనే.

నేడు సంగీతాన్ని భద్రపరచడం మన సాంస్కృతిక సంస్థల ప్రధాన కార్యక్రమాలలో ఒకటి. ధ్వనిముద్రణ, కంప్యూటర్ నిక్షేపాలు గ్విడో ఊహించని శక్తులు. వాటికీ అదే స్వభావం ఉంది. ఏది నిక్షిప్తమవుతుందో అది ప్రమాణమవుతుంది. ప్రమాణమైనది పక్కన ఉన్న పాఠాలను పరాయివి చేస్తుంది. ఒక జానపద గాయని పాడిన వంద రీతులలో ఒక్కటి ముద్రితమైతే మిగిలిన తొంభై తొమ్మిదీ తప్పులుగా వినిపించే రోజు వస్తుంది. కాబట్టి భద్రపరచే చేతులు ఒక్క పాఠంతో తృప్తి పడరాదు. ఎవరి నోటి నుంచి, ఏ ఊరి నుంచి, ఏ సందర్భంలో విన్నదో కూడా రాయాలి. పాడేవారు ఉండగానే వారి శిష్యులకు కూడా ఆధారం కల్పించాలి. లియోన్ నగరపు గ్రంథంలో అందమైన గుర్తులు వెయ్యేళ్లుగా ఉన్నాయి. వాటిని చదివి పాడగల గాయకుడు ఒక్కడు ఆనాడు మిగిలి ఉంటే, ఆ గానం నేటికీ వినిపించేది.